సముద్రంలో వీహెచ్ఎఫ్ రేడియో కాల్ సరిగ్గా చెయ్యడం ఎలా: మైకు పట్టుకునే ముందు నుంచి మేడే అనే ఆపద పిలుపు దాకా

"హలో... హలో... ఎవరైనా ఉన్నారా, మా ఇంజిన్ ఆగిపోయింది, కొంచెం త్వరగా రండి ప్లీజ్."

బోట్లన్నీ వినే రేడియో ఛానెల్ 16 మీద నేను చెవులారా విన్న కాల్ ఇది. తర్వాత అర నిమిషం చప్పుడు లేదు. విన్నవాళ్ళం అందరం సాయం చెయ్యడానికి రెడీ, కానీ ఎక్కడికి వెళ్ళాలి? బోటు పేరు చెప్పలేదు, ఎక్కడుందో చెప్పలేదు, ఎంతమంది ఉన్నారో చెప్పలేదు, లంగరు వేసుకుని కూర్చున్నారా లేక రాళ్ళ మీదకి కొట్టుకుపోతున్నారా అదీ తెలీదు. ఈ నాలుగు ముక్కలూ రాబట్టడానికి తీరం స్టేషన్ వాళ్ళకి చాలా సేపు పట్టింది, ఎందుకంటే అవతలి మనిషి కంగారులో మైకు బటన్ వదలడం మర్చిపోతున్నాడు, వదిలితే కదా మనం అడిగేది వాడికి వినపడేది.

రేడియో వాడటంలో కష్టమైన టెక్నాలజీ ఏం లేదండి. కష్టం ఎక్కడంటే, నొక్కాక ఆలోచించడం మొదలుపెడతాం. ఆ వరస తిప్పితే సగం పని అయిపోయినట్టే, మిగతా సగం కింద రాస్తున్నా.

ముందు ఇది ఫోన్ కాదని బుర్రకి ఎక్కించుకోండి

ఫోన్లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడొచ్చు, వినేది ఇద్దరే. బోట్లలో వాడే ఈ వీహెచ్ఎఫ్ రేడియోలో ఒకసారి ఒక్కరే మాట్లాడాలి, వినేది మాత్రం చుట్టుపక్కల ఉన్న ప్రతి బోటూ, రచ్చబండ దగ్గర మైకు పట్టుకున్నట్టే. మీరు బటన్ నొక్కి ఉన్నంతసేపూ మీకు ఏమీ వినపడదు. ఇంకో సంగతి, ఇది ఎఫ్ఎం కాబట్టి ఇద్దరు ఒకేసారి నొక్కితే బలమైన సిగ్నల్ గెలుస్తుంది, బలహీనమైనది మొత్తానికే మునిగిపోవచ్చు. అంటే దగ్గర్లో ఉన్న మీరు కబుర్లు చెప్తుంటే, దూరం నుంచి చేతి సెట్ మీద ఎవడో సాయం అడుగుతుంటే, వాడు అడుగుతున్నాడన్న సంగతి కూడా ఎవరికీ తెలీకుండా పోతుంది. ఛానెల్ 16 మీద కబుర్లు ఎందుకు ఆడకూడదో దీన్నిబట్టే అర్థమవ్వాలి.

ఛానెల్ 16 అంటే 156.800 మెగాహెర్ట్జ్, ఆపదలకీ పిలుపులకీ ఉన్న ఛానెల్. పిలవడానికి అది, మాట్లాడుకోవడానికి వేరే ఛానెల్. ఛానెల్ 70, అంటే 156.525, డిజిటల్ పిలుపుల కోసం, అంటే డీఎస్సీ కోసం, దాని మీద గొంతుతో మాట్లాడకూడదు. బోటుకీ బోటుకీ మధ్య మాటలకి 6, 8, 72, 77 లాంటివి వాడతారు. 13 బ్రిడ్జి (ఓడ నడిపే గది) నుంచి బ్రిడ్జికి, అంటే పెద్ద ఓడల నావిగేషన్ మాటలకి. మిగతావి ప్రాంతాన్ని బట్టి మారతాయి, అక్కడి రేవు ఏ ఛానెల్ వాడుతుందో బయలుదేరే ముందే రాసి పెట్టుకోండి. సెట్‌లో అమెరికా మోడ్, ఇంటర్నేషనల్ మోడ్ అని చాలావాటిలో రెండు ఉంటాయి, తప్పు మోడ్‌లో ఉంటే కొన్ని ఛానెళ్ళ మీద మీరు ఎంత అరిచినా గోడకి చెప్పుకున్నట్టే.

ఎంత దూరం వినపడుతుంది

చాలామంది పవర్ పెంచితే దూరం పెరుగుతుందనుకుంటారు. కొంతవరకే. వీహెచ్ఎఫ్ దాదాపు చూపు మేర పోతుంది, భూమి వంపు దాటి పెద్దగా పోదు. అందుకే ఎత్తుదే రాజ్యం. లెక్క సులువు: మీ యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టండి, అవతలివాళ్ళదీ అలాగే, రెండూ కలిపి 2.2తో గుణిస్తే నాటికల్ మైళ్ళు వస్తాయి.

నీళ్ళ నుంచి ఒక మీటరు ఎత్తులో చేతి సెట్ పట్టుకున్న ఇద్దరికి 4 మైళ్ళ పైచిలుకు. 16 మీటర్ల స్తంభం కొన మీద యాంటెన్నా ఉన్న రెండు తెరచాప పడవలకి 17 మైళ్ళు దాటుతుంది. లైఫ్‌రాఫ్ట్ అనే ప్రాణరక్షణ తెప్పలో కూర్చుని చేతి సెట్‌తో పిలుస్తున్నారు, ఓడ యాంటెన్నా 25 మీటర్ల ఎత్తులో ఉంది, అప్పుడు దాదాపు 13 మైళ్ళు. ఇదంతా కాగితం మీద లెక్క, నిజంలో అటూ ఇటూ అవుతుంది, కానీ మీ పిలుపు ఎవరికి అందొచ్చో అంచనా దొరుకుతుంది కదా.

బోటుకి బిగించిన సెట్ 25 వాట్లు, చేతి సెట్ మామూలుగా 5 లేదా 6. పక్క బోటుతో మాట్లాడటానికి 1 వాట్ చాలు, పవర్ తగ్గించే బటన్ ఊరికే పెట్టలేదు. రేవులోపల 25 వాట్లతో మాట్లాడటం అంటే చెవి దగ్గర ఉన్నవాడితో లౌడ్‌స్పీకర్ పెట్టి మాట్లాడటమే.

యాంటెన్నా కొనేటప్పుడు ఎక్కువ గెయిన్ (సిగ్నల్‌ని కూడదీసి పంపే గుణం, డీబీల్లో కొలుస్తారు) ఉన్నదే మంచిదని షాపువాళ్ళు చెప్తారు, ఒప్పేసుకోకండి. గెయిన్ ఎక్కువైతే సిగ్నల్ పలచగా పళ్ళెంలా పరుచుకుంటుంది, బోటు ఒరిగినప్పుడల్లా ఆ పళ్ళెం ఒకవైపు నీళ్ళలోకి, ఇంకోవైపు ఆకాశంలోకి పోతుంది. బాగా ఒరిగే తెరచాప పడవకి 3 డీబీ బెటర్, స్థిరంగా పోయే మోటారు బోటుకి 6 డీబీ సరిపోతుంది.

సెట్ సిద్ధం చెయ్యడం

ఆన్ చేసి 16కి పెట్టండి. తర్వాత స్క్వెల్చ్, దీని దగ్గరే కొత్తవాళ్ళు పప్పులో కాలేస్తారు. ఆ నాబ్ పూర్తిగా తగ్గిస్తే బుస్స్‌మని చప్పుడు వస్తుంది, మెల్లగా పెంచుతూ ఆ బుస ఎక్కడ ఆగుతుందో అక్కడ ఆపెయ్యండి, ఇంకో వెంట్రుకవాసి కూడా తిప్పొద్దు. ప్రశాంతంగా ఉందని ఇంకా పెంచితే దూరం నుంచి వచ్చే సన్నటి పిలుపులు కూడా బయటే ఆగిపోతాయి, మీరేమో ఇవాళ ఎవరూ మాట్లాడట్లేదే అనుకుంటూ కూర్చుంటారు. దూరపు సిగ్నల్ ముక్కలు ముక్కలుగా వస్తుంటే స్క్వెల్చ్ పూర్తిగా తగ్గించి ఆ బుసలోనే వినండి, చెవికి చిరాకే కానీ మాట దొరుకుతుంది.

డ్యూయల్ వాచ్ ఉంటే పెట్టుకోండి, 16తో పాటు ఇంకో ఛానెల్ కూడా చూస్తుంటుంది. వినడం బాగుండి మాట పోవట్లేదంటే ముందు అనుమానించాల్సింది కరెంటునీ, యాంటెన్నా కనెక్టర్‌నీ. 25 వాట్లు పంపేటప్పుడు సెట్ బ్యాటరీ నుంచి 5, 6 ఆంపియర్లు లాగుతుంది, తీగ సన్నగా ఉన్నా, అతుకు దగ్గర తుప్పు ఉన్నా వోల్టేజ్ పడిపోతుంది. ఉప్పుగాలికి ఆ కనెక్టర్ లోపల పచ్చగా పడుతుంది, ఏడాదికోసారైనా విప్పి చూడండి.

ఇక లైసెన్సులు. చాలా దేశాల్లో సెట్‌కి ఒకటి, వాడే మనిషికి ఒకటి కావాలి. ప్రాణాపాయంలో మాత్రం ఎవరైనా వాడొచ్చు, అప్పుడు సర్టిఫికెట్ ఏదీ అని ఎవరూ అడగరు.

మామూలు కాల్, మొదటి నుంచి చివరి దాకా

ముందు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి: ఎవరిని పిలుస్తున్నా, ఏం కావాలి, ఎక్కడున్నా, ఏ ఛానెల్‌కి పోదాం. సిగ్గుపడక్కర్లేదు, ఇరవై ఏళ్ళు సముద్రంలో ఉన్నవాళ్ళు కూడా రాసుకుంటారు. తర్వాత వినండి. ఎవరైనా మాట్లాడుతున్నారేమో, ముఖ్యంగా ఆపద కాల్ ఏదైనా నడుస్తోందేమో.

మైకు నోటికి రెండు మూడు వేళ్ళ దూరంలో, కొంచెం పక్కగా పెట్టుకోండి, గాలికి మీ వీపు అడ్డం పెట్టండి. బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి అప్పుడు మొదలుపెట్టండి, నొక్కుతూనే మాట్లాడితే మొదటి అక్షరం ఎగిరిపోతుంది, సరిగ్గా ఆ మొదటి అక్షరమే అవతలి బోటు పేరు. అరవొద్దు, అరిస్తే మాట పగిలి ఇంకా అర్థం కాదు. మామూలు గొంతు, అవతలివాడు పెన్సిల్‌తో రాసుకునేంత నిదానం.

మీ బోటు పేరు నీలిమ, స్నేహితుడి బోటు చుక్కాని అనుకుందాం. సముద్రంలో నానా దేశాల ఓడలూ ఉంటాయి కాబట్టి మాట ఇంగ్లీషులోనే నడుస్తుంది.

"చుక్కాని, చుక్కాని, దిస్ ఈజ్ నీలిమ, నీలిమ, ఓవర్."

"నీలిమ, దిస్ ఈజ్ చుక్కాని. ఛానెల్ సెవెన్ టూ, ఓవర్."

"సెవెన్ టూ, నీలిమ."

మీరు ఎవరిని పిలుస్తున్నారో వాళ్ళ పేరు ముందు, మీ పేరు తర్వాత, తన పేరు వినపడితేనే మనిషి చెవి నిక్కబొడుచుకుంటుంది. పేర్లు మూడుసార్ల దాకా చెప్పొచ్చు, స్పష్టంగా వినపడుతుంటే ఒకటి రెండు చాలు. బోట్ల మధ్య అయితే పిలిపించుకున్నవాళ్ళు ఛానెల్ చెప్తారు, తీరం స్టేషన్ అయితే వాళ్ళు చెప్పిందే వేదం. 72కి మారాక అక్కడ ఎవరైనా ఉన్నారేమో విని, ముందు పిలిచినవాడే మళ్ళీ మొదలుపెట్టాలి. మాట అయిపోయాక "అవుట్" అని, తిరిగి 16కి వచ్చెయ్యండి, దీన్ని మర్చిపోయి 72 మీదే సాయంత్రం దాకా తిరిగినవాళ్ళు బోలెడుమంది.

జవాబు రాలేదా, వెంటవెంటనే పిలుస్తూ ఉండకండి. రెండు నిమిషాలు ఆగండి, అలా మూడుసార్లు పిలిచినా పలక్కపోతే ఆపేసి కనీసం మూడు నిమిషాలు ఛానెల్ వదిలెయ్యండి. 16 మీద మామూలు పిలుపు ఏదైనా ఒక నిమిషం దాటకూడదు.

పేరు తెలీని ఓడని పిలవాలంటే ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడల వివరాలు చూపించే పరికరం) ఉంటే పేరు అందులోనే కనిపిస్తుంది. లేకపోతే దాని పొజిషన్, అది పోతున్న దిక్కు చెప్పి పిలవాలి, "మా ఎదురుగా ఉన్న పెద్ద ఓడ" అంటే వినే పది ఓడల్లో ఎవరికి వాళ్ళు మాక్కాదులే అనుకుంటారు, ఇంకా దారుణం ఏంటంటే తప్పు ఓడ పలికి సరే అంటుంది. ఢీకొనే ప్రమాదం ఉన్నప్పుడు రేడియో పట్టుకుని బేరాలాడొద్దని బ్రిటన్ మారిటైమ్ అండ్ కోస్ట్‌గార్డ్ ఏజెన్సీ గట్టిగా హెచ్చరించింది కూడా, మాటల్లో పోయిన ఆ రెండు నిమిషాల్లో చుక్కాని తిప్పి తప్పుకునేవాళ్ళు. దారి ఎవరు ఇవ్వాలన్న రూల్స్ మాటతో మారవు.

పలుకుబడి

"ఓవర్" అంటే నా మాట అయింది, జవాబు చెప్పు. "అవుట్" అంటే అయిపోయింది, జవాబు అక్కర్లేదు. సినిమాల్లో "ఓవర్ అండ్ అవుట్" అంటుంటారే, అది చెప్పు, చెప్పకు అన్నట్టు. "రోజర్" అంటే విన్నాను అని మాత్రమే, ఒప్పుకున్నట్టు కాదు. మళ్ళీ చెప్పమనడానికి "సే అగైన్". తప్పు చెప్తే "మిస్టేక్" అని "కరెక్షన్" అని సరిచేసుకోవాలి.

అక్షరాలు ఆల్ఫా, బ్రావో, చార్లీ వరసలో చెప్పాలి, ఎందుకంటే బీ, డీ, పీ, టీ రేడియోలో అన్నీ ఒకటే. అంకెలు విడివిడిగా: పదిహేను అంటే "వన్ ఫైవ్", "ఫిఫ్టీన్" అంటే "ఫిఫ్టీ"లా వినపడొచ్చు.

పొజిషన్ చెప్పడం మీద ఇంకొంచెం ఆగుతా, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే మిగతాది ఎంత అందంగా చెప్పినా వృథా. జీపీఎస్ తెరమీద 12.50 అని కనిపిస్తే అది పన్నెండున్నర నిమిషాలు (టైము కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు), పన్నెండు నిమిషాల యాభై సెకన్లు కాదు. అక్షాంశంలో ఈ ఒక్క పొరపాటుకే 600 మీటర్లు తేడా వస్తుంది, అలల్లో తేలే తలకాయ కోసం వెతికేవాడికి 600 మీటర్లంటే మాటలు కాదు. అందుకే "వన్ టూ డెసిమల్ ఫైవ్ జీరో మినిట్స్" అని చుక్కని కూడా నోటితో పలకండి. జీపీఎస్ లేకపోతే తెలిసిన లైట్‌హౌస్ నుంచి దిక్కూ దూరమూ చెప్పండి, ఆ దిక్కు లైట్‌హౌస్ నుంచి మీ వైపుకి, మీ నుంచి దానికి కాదు. తిరగేస్తే వాళ్ళు లైట్‌హౌస్‌కి అవతలి పక్క వెతుకుతారు.

మేడే

బోటుకో మనిషికో ప్రాణాపాయం, అదీ ఇప్పుడే, అలాంటప్పుడే మేడే. మునిగిపోతుండటం, మంటలు, మనిషి నీళ్ళలో పడి కనిపించకపోవడం. ఈ మాట 1920ల మొదట్లో లండన్ క్రాయ్‌డన్ విమానాశ్రయంలో రేడియో ఆఫీసరుగా ఉన్న ఫ్రెడరిక్ మాక్‌ఫర్డ్ పెట్టింది, ఫ్రెంచిలో సాయం చెయ్యండి అనే మాట ఉచ్చారణ నుంచి. 1927 వాషింగ్టన్ సమావేశం నుంచి అంతర్జాతీయంగా వాడుకలోకి వచ్చింది.

డీఎస్సీ ఉన్న సెట్ అయితే ముందు ఎర్ర బటన్. మూత ఎత్తి, దాదాపు ఐదు సెకన్లు, సెట్ కూత పెట్టేదాకా నొక్కి పట్టుకోండి. ఛానెల్ 70 మీద మీ గుర్తింపు సంఖ్యా, జీపీఎస్ కలిపి ఉంటే మీ పొజిషనూ వెళ్ళిపోతాయి, ఎవరూ అందుకోకపోతే నాలుగు నిమిషాలకోసారి తనే మళ్ళీ పంపుతుంది. కానీ ఆ తొమ్మిదంకెల ఎంఎంఎస్‌ఐ సంఖ్య సెట్‌లో ఎక్కించి ఉండాలి, కొన్న రోజు పెట్టెలోంచి తీసి బిగించేసి అది ఎక్కించనివాళ్ళు చాలామంది, అలాంటి సెట్‌లో ఎర్ర బటన్ ఊరికే అలంకారం. జీపీఎస్ తీగ కలపడం కూడా అంతే.

పదిహేను సెకన్లు ఆగి, జవాబు వచ్చినా రాకపోయినా, 16 మీద ఫుల్ పవర్‌లో గొంతుతో చెప్పండి:

"మేడే, మేడే, మేడే. దిస్ ఈజ్ నీలిమ, నీలిమ, నీలిమ." ఇక్కడ కాల్ సైన్ (మీ బోటు రేడియోకి ఇచ్చిన గుర్తింపు), ఎంఎంఎస్‌ఐ. "మేడే, నీలిమ." మళ్ళీ కాల్ సైన్, ఎంఎంఎస్‌ఐ. "మై పొజిషన్ ఈజ్," తెరమీద ఉన్నది చదవండి. "వీ ఆర్ సింకింగ్. వీ రిక్వైర్ ఇమ్మీడియట్ అసిస్టెన్స్. ఫోర్ పర్సన్స్ ఆన్ బోర్డ్. వీ ఆర్ గోయింగ్ ఇంటు ది లైఫ్‌రాఫ్ట్. ఓవర్."

వరస గమనించండి, ఎవరు, ఎక్కడ, ఏమైంది, ఏం కావాలి, ఎంతమంది, ఇంకేమైనా. పొజిషన్ తర్వాతే ఏమైందో చెప్పేది, ఎందుకంటే మధ్యలో బ్యాటరీ నీళ్ళలో మునిగి సెట్ ఆగిపోతే, ఎక్కడున్నారో తెలిస్తే చాలు ఎవరో ఒకరు వస్తారు. "ఓవర్" అన్నాక బటన్ వదలండి. దయచేసి వదలండి.

మీ మేడే నడుస్తుండగా వేరేవాళ్ళు అడ్డం వస్తే "సీలాన్స్ మేడే" అంటారు, నోరు మూసుకోమని మర్యాదగా చెప్పడం అన్నమాట. అంతా అయ్యాక "సీలాన్స్ ఫీనీ".

వేరేవాళ్ళ మేడే మీకు వినపడితే పెన్సిల్ తియ్యండి, ప్రతి ముక్కా, టైముతో సహా రాయండి. తీరం స్టేషన్ అందుకుంటుందేమో కాసేపు ఆగి చూడండి. ఎవరూ పలక్కపోతే మీరే పలికి, "మేడే రిలే" అని మూడుసార్లు చెప్పి, మీ పేరు చెప్పి, వాళ్ళది వాళ్ళ మాటల్లోనే అందించండి. డీఎస్సీలో మాత్రం మీ చిన్న బోటు నుంచి అక్నాలెడ్జ్, అంటే అందిందన్న జవాబు, పంపకండి, పంపితే ఆ అలర్ట్ ఆగిపోతుంది, తీరానికి అది ఇంకా చేరి ఉండకపోవచ్చు.

పాన్ పాన్, సెక్యూరిటే

ఇంజిన్ ఆగింది, కానీ గాలి బయటికి నెడుతోంది, రాళ్ళు లేవు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, లాక్కెళ్ళడానికి ఒక బోటు కావాలి, ఇది మేడే కాదు, పాన్ పాన్. "పాన్ పాన్" మూడుసార్లు, తర్వాత "ఆల్ స్టేషన్స్" అనో లేదా తీరం స్టేషన్ పేరో, మిగతా వరస మేడే లాంటిదే. మొదట్లో చెప్పిన ఆ హలో హలో మనిషి చెయ్యాల్సింది ఇదే. పరిస్థితి ముదిరితే మేడేకి మారొచ్చు. నీళ్ళలో తేలుతున్న దుంగో, కంటైనరో కనిపిస్తే సెక్యూరిటే, అంటే అందరికీ హెచ్చరిక, మూడుసార్లు, 16 మీద చిన్న ప్రకటన ఇచ్చి మిగతాది వేరే ఛానెల్లో.

పొరపాట్లు, నావి కూడా

ఎర్ర బటన్ పొరపాటున నొక్కారా, సిగ్గుపడి సెట్ కట్టేసి పారిపోకండి. ఆపి, మళ్ళీ ఆన్ చేసి, 16 మీద "ఆల్ స్టేషన్స్" అని మూడుసార్లు పిలిచి మీ పేరు, ఎంఎంఎస్‌ఐ, పొజిషన్, అలర్ట్ వెళ్ళిన టైము చెప్పి రద్దు చేస్తున్నానని చెప్పండి. వెంటనే చెప్పినవాణ్ణి ఎవరూ తిట్టరు, చెప్పకపోతే వెతకడానికి బోట్లు బయలుదేరతాయి.

రెండోది ఇరుక్కున్న మైకు. నేనొకసారి మైకు మీద కూర్చున్నా. అక్షరాలా కూర్చున్నా. కుర్చీలో మైకు పడి ఉంది, చూసుకోకుండా కూలబడి, పక్కనున్నవాడితో మా ఇంజిన్ బాగుచేసిన మెకానిక్ గురించి నోటికొచ్చిందంతా మాట్లాడా. అంతసేపూ చుట్టుపక్కల వాళ్ళందరికీ 16 బంద్, వాళ్ళు చెప్పడానికీ లేదు, నేను పంపుతుంటే నాకు వినపడదు కదా. కొన్ని సెట్లు ఐదు నిమిషాలకి వాటంతట అవే పంపడం ఆపేస్తాయి, నన్ను ఆ రోజు కాపాడింది అదే. రేడియో అసాధారణంగా నిశ్శబ్దంగా ఉంటే తెరమీద టీఎక్స్ (పంపుతోంది అనే) గుర్తు వెలుగుతోందేమో చూడండి, మైకుని ఎప్పుడూ కొక్కేనికే తగిలించండి.

రేడియో చెక్ కోసం 16 మీద "నా మాట వినపడుతోందా" అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అడిగేవాళ్ళుంటారు. స్నేహితుడి బోటుతోనో, రేవు ఛానెల్ మీదో చూసుకోండి.

ఇక ఆఖరి పని, ఒడ్డున ఉండగానే చెయ్యాలి. సెట్ పక్కన మేడే కార్డు ఒకటి అంటించండి, పైన రాసిన ఆ మాటలే పెద్ద అక్షరాల్లో, మీ బోటు పేరు, కాల్ సైన్, ఎంఎంఎస్‌ఐ నింపి. ఇది మీ కోసం కాదు, నీళ్ళలో పడే మనిషి తరచుగా రేడియో వాడటం తెలిసినవాడే అయి ఉంటాడు, మిగిలేది ఎప్పుడూ మైకు ముట్టుకోని బావమరిదో, పన్నెండేళ్ళ పిల్లో. సెట్ ఆపేసి వాళ్ళతో ఒకసారి పైకి చదివించండి, ఎక్కడ తడబడ్డారో అక్కడ కార్డు మార్చండి. మావాడు "పొజిషన్" దగ్గర ఆగిపోయి "అది ఎక్కడ కనిపిస్తుంది" అని అడిగాడు, అప్పటికి గానీ నాకు తట్టలేదు, జీపీఎస్ తెర ఎక్కడుందో, ఏ బటన్ నొక్కితే ఆ అంకెలు వస్తాయో కార్డు మీద బాణం గుర్తు వేసి రాశా. పొజిషన్ దగ్గరా, మనుషుల సంఖ్య దగ్గరా ఖాళీ వదిలి, పక్కనే పెన్సిల్ దారంతో కట్టండి. పెన్ను వద్దు, తడి కాగితం మీద రాయదు.